టోక్యో కాడెట్ కథ: సింగపూర్‌లో కూర్చుని చదివితే

సంపాదకులుగారు ఈ సంచికకు ఏదైనా పుస్తకం గూర్చి వ్రాయమని అడిగి మూడు నెలలు దాటింది. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను, వైద్యుణ్ణి. మందుల చీటీ తప్ప మరేమీ వ్రాయని చేత్తో విమర్శ వ్రాస్తే మందుల షాపువాడు తప్ప ఎవరూ చదవలేరని మా ఆవిడ వేళాకోళం కూడా చేసింది. అయినా ఈ మధ్య చదివిన ఒక పుస్తకం నన్ను వదలడం లేదు. దాన్ని గూర్చి మన సభ్యులతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించి ఆదివారం పూట కూర్చున్నాను.

పుస్తకం పేరు ‘బర్మా టు జపాన్ విత్ ఆజాద్ హింద్’. ఇంగ్లీషులో ఉంది. వ్రాసినవారు ఎయిర్ కమొడోర్ రమేశ్ సఖారామ్ బెనెగళ్. 1926లో పుట్టారు, 2003లో పోయారు. పుస్తకం 2009లో లాన్సర్ ప్రచురణగా వచ్చింది. 1941 నుంచి 1945 వరకు తాను చూసినదీ పడినదీ అందులో చెప్పుకున్నారు. యుద్ధం రంగూన్ గుమ్మంలోకి వచ్చిన నాటికి ఆయనకు పదిహేనేళ్ళు. జపాన్‌లో కాడెట్ అయ్యేనాటికి పదిహేడు.

రంగూన్ అంటే మన పిల్లలకు తెలియదుగాని, కోస్తా జిల్లాల ముసలివాళ్ళకు ‘రంగం’ అంటే చాలు. మా నాయనమ్మ వాళ్ళ నాన్న కూడా రంగం వెళ్ళి ఓడరేవులో మూటలు మోసినవాడే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు ఇళ్ళు వదిలి, కొండలూ అడవులూ దాటి నడక మీద ఇండియా దారి పట్టారు. మా ముత్తాత కూడా అలా నడిచి వచ్చినవాడేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. అందుచేత ఈ పుస్తకం నాకు పరాయివారి కథగా తోచలేదు. ఆ ఊరు వదిలినవాళ్ళు మావాళ్ళు. అక్కడే ఉండిపోయి, ఆపైన తూర్పు దిక్కుకు వెళ్ళిన కుర్రవాడి కథ ఇది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1943 జూలై 2న సుభాష్ చంద్రబోసు సింగపూర్ చేరారు. జూలై 5న మన పడాంగ్ మైదానంలో ఆజాద్ హింద్ ఫౌజు కవాతును తిలకించారు. అక్టోబరు 21న కాథే భవనంలో తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆ ప్రభుత్వానికి సైనికులు ఉన్నారు, చందాలు ఇచ్చే వర్తకులు ఉన్నారు. రేపు స్వతంత్ర భారత సైన్యాన్ని నడపవలసిన అధికారులు మాత్రం కావాలి. అందుకని ఈ ప్రాంతాల భారతీయ కుటుంబాల నుంచి 45 మంది కుర్రవాళ్ళను ఎంపిక చేసి జపాన్ పంపారు. చరిత్రకారులు వీరిని ‘టోక్యో బాయ్స్’ అంటారు. కొందరు పదాతి దళం చదువుకు, కొందరు విమానాలు నడిపే చదువుకు వెళ్ళారు.

జపాన్ సైనిక అకాడమీ 1937 నుంచి టోక్యో దగ్గర జమా అనే చోట ఉండేది. వైమానిక అకాడమీ సైతామా జిల్లాలో. అవి జపాన్ చక్రవర్తి పేరు మీద నడిచే విద్యాలయాలు. దక్షిణ కొరియాను తరువాత చాలాకాలం ఏలిన పార్క్ చుంగ్ హీ కూడా 1944లో ఆ సైనిక అకాడమీలోనే చదువు ముగించాడు. ఇది గమనించదగ్గ సంగతి. కొరియా అప్పుడు జపాన్ చేతిలో ఉన్న దేశం. ఆ కొరియా యువకుడు తన దేశాన్ని ఏలేవారి యూనిఫారం తొడుక్కున్నాడు. మన కుర్రవాళ్ళు తమ దేశాన్ని ఏలేవారితో పోరాడడానికి అదే చదువుకు వెళ్ళారు. కవాతు ఒకటే, అర్థాలు వేరు. పదిహేడేళ్ళవాడికి ఈ తేడా ఎంతవరకు తెలిసివుంటుంది? పుస్తకం చదువుతున్నంతసేపూ నన్ను వేధించిన ప్రశ్న అదే.

ఇక పుస్తకం మంచిచెడ్డలు.

దీని మొదటి గుణం ఆడంబరం లేకపోవడం. బోసుబాబు పేరు వచ్చేసరికి మన రచయితలకు కళ్ళు చెమర్చుతాయి, వాక్యాలు పొడుగవుతాయి, విశేషణాలు వరస కడతాయి. బెనెగళ్ అలా కాదు. ఆయన జీవితమంతా విమానాలు నడిపిన మనిషి. 1971 యుద్ధంలో శత్రువుల మీదుగా ఎగిరి ఫోటోలు తీసే స్క్వాడ్రన్‌ను నడిపి మహావీర చక్ర పొందారు. ఆ ఫోటోలు తీసే అలవాటు పుస్తకంలోనూ కనిపిస్తుంది. చూసినదాన్ని చూసినట్టు చెప్పి ముందుకు సాగిపోతారు. బాంబులు, ప్రయాణం, క్రమశిక్షణ, ఓటమి, అన్నీ ఒకే స్వరంలో. చదివేవాడికి ఇది మేలే చేస్తుంది. ఎక్కడ చలించాలో రచయిత చెప్పరు గనుక మన గుండె మనమే చూసుకోవాలి.

కాని ఆ గుణమే దీని లోటు కూడా. ఈ మాట చెప్పడానికి నేను మా బాబాయి సంగతి ఎత్తుకోవాలి.

మా బాబాయి విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 1962లో పెట్టిన స్కూలు అది. ఆయన పదేళ్ళవాడుగా అక్కడికి వెళ్ళాడు. అక్కడినుంచి వారం వారం వ్రాసిన కార్డులు మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దాచుకుంది. వేసవి సెలవుల్లో నేను వాటిని చదివేవాణ్ణి. అన్నిటిలోనూ ఒకటే మాట: నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. తరువాత పరుగులో ఎన్నో స్థానం వచ్చిందో, బూట్లకు పాలిష్ అయిపోయిందనో ఒక వాక్యం. ఏడేళ్ళ ఉత్తరాలు చదివినా ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడో తెలియదు. ఈ పుస్తకం చదివాక బాబాయికి ఫోను చేసి అడిగాను. “మొదటి ఏడాది రాత్రులు దుప్పట్లో తల దూర్చి ఏడిచేవోణ్ణిరా” అన్నాడు. మరి అది ఎప్పుడూ ఎందుకు వ్రాయలేదంటే, “ఏడుపు రాస్తే అమ్మ అన్నం తింటాదేటిరా?” అన్నాడు. ఆ స్కూలంటే ఆయనకు ఇప్పటికీ ప్రాణం. పాత విద్యార్థుల సమావేశానికి ఒక్క ఏడాది కూడా మానడు. రెండూ నిజమే. కాని నాయనమ్మ పెట్టెలో ఒక నిజమే ఉంది.

బెనెగళ్ పుస్తకం నాకు అటువంటి కార్డుల కట్టలాగే తోచింది. కుర్రవాడు పడినది చాలా ఉంది, కాని చెప్పేది పెద్ద అధికారి. అకాడమీ నేర్పే మొదటి పాఠం ఎలా నడవాలో కాదు, ఎలా ఉన్నావని అడిగితే ఏం చెప్పాలో. ఆ పాఠం బాగా నేర్చుకున్నవాడే మంచి అధికారి అవుతాడు. అటువంటివాడు అరవై దాటాక కలం పట్టినా ఆ పాఠాన్నే అప్పజెబుతాడు. దీన్ని నేను దోషంగా చెప్పడం లేదు. వైద్యుడిగా నాకు రోజూ ఎదురయ్యేదే ఇది. లోపలికి వచ్చిన రోగి కుర్చీలో కూర్చోకముందే “బాగానే ఉన్నాను డాక్టరుగారూ” అంటాడు. అంత బాగుంటే ఆసుపత్రికి ఎందుకొచ్చినట్టు? అప్పుడు మాట పక్కన పెట్టి మనిషిని చూడాలి. ఈ పుస్తకాన్ని కూడా అలాగే చదవాలి.

అలా చూస్తే కనిపించేది ఏమిటి? పదిహేడేళ్ళవాడి ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. మంచిచెడ్డలు తూచి నిర్ణయం చేసే మెదడు భాగం ఇరవై దాటితేగాని పాకానికి రాదని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ వయసువాడికి ఆకలి ఎక్కువ, నిద్ర అవసరం ఎక్కువ. 1944-45లో జపాన్‌లో ఈ రెండూ కరువే. తిండి రేషను రోజు రోజుకూ తగ్గిపోతోంది. 1945 మార్చి 9 రాత్రి అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పులు కురిపిస్తే ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది పోయారు. జపాన్ సైన్యంలో పైవాడు కిందివాణ్ణి చెంపదెబ్బ కొట్టడం నిత్యకృత్యం. సింగపూర్ ముసలివాళ్ళను ఎవరిని కదిపినా జపాన్ సిపాయి చెంపదెబ్బ గురించి చెబుతారు. పప్పు, కూర, పెరుగు తిని పెరిగిన ఇంటి కుర్రవాడు, ఇంటి నుంచి ఉత్తరం కూడా రాని దేశంలో, తెలియని భాషలో ఆజ్ఞలు వింటూ ఈ వాతావరణంలో పెద్దవాడయ్యాడు. ఈ సంగతులు గుర్తు పెట్టుకుని చదివితే పుస్తకంలోని పొడి వాక్యాల కింద వేరే పుస్తకం కనిపిస్తుంది.

పోలికకు ఒక నవల చెబుతాను. పెరూ దేశపు రచయిత మారియో వర్గాస్ యోసా 1963లో వ్రాసిన నవల ఇంగ్లీషులో ‘ది టైమ్ ఆఫ్ ది హీరో’ పేరుతో వచ్చింది. లీమాలోని లియోన్సియో ప్రాదో సైనిక పాఠశాలలో ఆయన రెండేళ్ళు చదివాడు. కొడుకు ‘మగవాడు’ కావాలని తండ్రి పంపించాడు. నవలలో కాడెట్లు పరీక్ష ప్రశ్నపత్రం దొంగిలిస్తారు. అందరి చేతా ‘బానిస’ అని పిలిపించుకునే మెతక కుర్రవాడు, ఒక అమ్మాయిని చూడడానికి సెలవు చీటీ కోసం దొంగ పేరు చెప్పేస్తాడు. తరువాత జరిగిన సైనిక విన్యాసాలలో తూటా తగిలి చనిపోతాడు. అది ప్రమాదమని పైవాళ్ళు తేల్చేస్తారు. నిజం కావాలన్న ఒకే ఒక్క లెఫ్టినెంటును మారుమూల ఊరికి బదిలీ చేస్తారు.

నవలకు ఉన్న సౌకర్యం స్వీయచరిత్రకు లేదు. నవలాకారుడు ‘ఇది నేను కాదు’ అని తప్పుకుని అంతా చెప్పేయగలడు. స్వీయచరిత్ర వ్రాసేవాడు తన స్నేహితుల పరువూ, తన బడి పరువూ, తన దండు పరువూ మోస్తూ వ్రాయాలి. అందుచేత బెనెగళ్‌ను యోసాతో పోల్చి తక్కువ చేయడం న్యాయం కాదు. కాని ఆ నవల చదివినవాడు ఏ కాడెట్ స్వీయచరిత్రనూ అమాయకంగా చదవలేడు. బడిలో ‘బానిస’ ఎవరు, అతని కథ ఎవరు చెబుతారు అని వెతుక్కుంటూనే ఉంటాడు.

ఇంతవరకు పుస్తకం మాట. ఇక దాన్ని ఎక్కడ కూర్చుని చదువుతున్నామన్న మాట.

ఢిల్లీలోనో కలకత్తాలోనో దీన్ని చదివితే ఒక అర్థం వస్తుంది. సింగపూర్‌లో చదివితే ఆ ఒక్క అర్థంతో సరిపోదు. ఎస్ప్లనేడ్ పార్కులో ఆజాద్ హింద్ ఫౌజు స్మారక ఫలకం ఉంది. ఫౌజులో తెలియకుండా పోయినవారి కోసం 1945 జూలై 8న బోసు అక్కడ స్తూపానికి శంకుస్థాపన చేశారు. సెప్టెంబరులో బ్రిటిషువారు తిరిగి రాగానే దాన్ని కూల్చేశారు. 1995లో సింగపూర్ ప్రభుత్వం అక్కడ ఫలకం పెట్టింది. మా అబ్బాయికి ఆరేళ్ళు. గత నెల వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి బోసుబాబు కథ చెప్పాను. ఛాతీ విరుచుకుని సెల్యూట్ కొట్టాడు.

అక్కడినుంచి పట్టుమని పది నిమిషాలు నడిస్తే బీచ్ రోడ్డు పక్కన నాలుగు తెల్లని స్తంభాలు ఆకాశాన్ని అంటుతూ కనిపిస్తాయి. జపాన్ పాలనలో చనిపోయిన పౌరుల స్మారకం అది. 1967 ఫిబ్రవరి 15న ఆవిష్కరించారు. 1942 ఫిబ్రవరి 18 నుంచి కొన్ని వారాలపాటు జపాన్ సైన్యం ఇక్కడి చీనా మగవాళ్ళను వరసలు కట్టించి, ఏరి, సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి కాల్చింది. అయిదువేలని జపాన్ వారు ఒప్పుకున్నారు. యాభైవేలదాకా ఉంటుందని చెప్పేవారూ ఉన్నారు. 1962లో బయటపడిన ఎముకలు ఆ స్తంభాల కింద ఉన్నాయి. ఆ నాలుగు స్తంభాలలో ఒకటి మన భారతీయుల పేరున నిలిచింది.

అది ఊరికే మర్యాదకు పెట్టిన స్తంభం కాదు. మలయా రబ్బరు తోటల నుంచి వేలాది తమిళ కూలీలనూ, వారితోపాటు తెలుగువారినీ సయామ్-బర్మా రైలుదారి పనికి తరలించింది ఆ సైన్యమే. కలరా, మలేరియా, ఆకలి వాళ్ళను తినేశాయి. ఆ రైలుదారి పూర్తయింది 1943 అక్టోబరులో. కాథే భవనంలో తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించినదీ అదే నెల. ఒకే నెలలో ఒక చోట మనవాళ్ళు జెండా ఎగరేశారు, ఇంకొక చోట మనవాళ్ళు పట్టాల పక్కన గోతుల్లోకి పోయారు. ఈ రెంటిలో ఒకటే చెప్పి ఊరుకుంటే అది చరిత్ర కాదు.

మా ఎదురింటి చీనా ముసలాయన తండ్రి 1942లో అలా వెళ్ళి తిరిగి రానివాడే. ప్రతి పండక్కీ మాకు నారింజపళ్ళు తెచ్చి ఇస్తాడు. ఆయన ముందు కూర్చుని ‘మా కుర్రవాళ్ళు జపాన్ సైనిక అకాడమీలో చదివారు’ అని నేను గర్వంగా చెప్పగలనా? చెప్పగలిగితే ఏ గొంతుతో? ఇది బెనెగళ్ జవాబు చెప్పవలసిన ప్రశ్న కాదు. ఆయనది రంగం కుర్రవాడి పుస్తకం. సింగపూర్ చీనా ఇళ్ళలో ఏం జరిగిందో చెప్పడం దాని పని కాదు. ఆ రెండో సగం కలుపుకుని చదవడం ఇక్కడ బతుకుతున్న మన పని. మనం పూర్తి చేయకపోతే ఈ పుస్తకం మన చేతుల్లో సగం అబద్ధమైపోతుంది.

దీనికి జవాబుగా ఆ కుర్రవాళ్ళను తప్పుపట్టేవారు ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. పదిహేడేళ్ళవాడు దారి ఎంచుకోడు, పెద్దలు చూపిన దారులలో నడుస్తాడు. అప్పుడు అతని ముందున్న పెద్దలు ఇద్దరు: రంగూన్‌ను దిక్కులేకుండా వదిలిపోయిన బ్రిటిషువాడు, దేశం నీదని చెప్పిన బోసు. రెండో మాట విన్నందుకు ఆ పిల్లవాణ్ణి నేరస్థుణ్ణి చేయలేం. బోసుబాబుకు కూడా వేరే దారులు ఎన్ని ఉన్నాయో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాని పిల్లల్ని పంపిన పెద్దల లెక్క వేరు, వెళ్ళిన పిల్లల లెక్క వేరు. ఈ రెంటినీ కలిపేసి పొగడడమూ తప్పే, కలిపేసి తిట్టడమూ తప్పే.

1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. మూడు రోజులకు బోసు విమాన ప్రమాదంలో పోయారు. నేర్పుతున్న సైన్యం లేదు, పంపిన నాయకుడు లేడు, ఏ దేశం కోసం నేర్చుకున్నారో అది ఇంకా రాలేదు. ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు ఆ స్థితిలో మిగిలాడు. ఫౌజులో పనిచేసిన పాత సైనికాధికారులను స్వతంత్ర భారత సైన్యం తిరిగి తీసుకోలేదు. ఈ కుర్రవాడు మాత్రం భారత వైమానిక దళంలో చేరి, పాతికేళ్ళ తరువాత దేశపు రెండవ పెద్ద యుద్ధ పతకం అందుకున్నాడు. అయినా కలం పట్టినప్పుడు ఆయన పతకం వచ్చిన సంవత్సరాన్ని గాక, 1941 నుంచి 1945 వరకు గల నాలుగేళ్ళనే ఎంచుకున్నారు. పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించినది ఈ ఎంపికే. ఎవరి ఫైలులోనూ సరిగా చేరని ఆ నాలుగేళ్ళు తన జీవితంలో లెక్కకు వస్తాయని ఆయన చెప్పదలిచారు. పొడి వాక్యాల వెనుక ఉన్న కుర్రవాడు ఆ ఒక్క చోట అధికారి మాట వినలేదని నాకనిపించింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటారా? మనలో చాలామందికి మగపిల్లలున్నారు. పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు నింపేటప్పుడు స్కూలు, ఇల్లు, ప్రావిడెంట్ ఫండ్ గూర్చి మాట్లాడుకుంటాం. పద్దెనిమిదేళ్ళకు పిల్లవాడు జాతీయ సేవకు వెళ్ళాలన్న సంగతి ‘అప్పటికి చూద్దాం’ అని దాటేస్తాం. 1967 నుంచి ఈ దేశపు పిల్లలు వెళ్తున్నారు. ఎదురింటివాళ్ళ మనవడు వెళ్ళి వచ్చాడు, మావాడు ఎందుకు వెళ్ళకూడదు? వెళ్ళకూడదని నేననను. ఈ దేశపు అన్నం తింటున్నాం. టోక్యో వెళ్ళిన కుర్రవాళ్ళ పరిస్థితికీ దీనికీ పోలిక కూడా లేదు. ఇక్కడ శనివారం ఇంటికి వస్తారు, అమ్మ చేతి అన్నం తింటారు. నేననేది ఒకటే. వాడు ఇంటికొచ్చి “బాగానే ఉన్నాను నాన్నా” అన్నప్పుడు, నాయనమ్మలాగా ఆ కార్డును పెట్టెలో పెట్టి ఊరుకోకూడదు. పక్కన కూర్చుని రెండోసారి అడగాలి. చెప్పేదాకా ఆగాలి.

ఎస్ప్లనేడ్ నుంచి తిరిగి వస్తూ మావాణ్ణి ఆ నాలుగు స్తంభాల దగ్గరకూ తీసుకెళ్ళాను. “ఇక్కడ కూడా సెల్యూట్ కొట్టాలా నాన్నా?” అని అడిగాడు. ఇక్కడ చేతులు జోడించాలని చెప్పాను. రెండు చోట్లకీ ఎందుకు వెళ్ళామో వాడికి ఇంకో పదేళ్ళకు గాని అర్థం కాదు. అప్పుడు ఈ పుస్తకం వాడి చేతికిస్తాను.

అంతవరకు అది నా దగ్గరే ఉంటుంది. సభ్యులెవరైనా చదవదలిస్తే అడిగి తీసుకోండి. మన పెద్దలలో ఎవరి ఇంట్లోనైనా రంగం సంగతులు, రబ్బరు తోటల సంగతులు, రైలుదారి సంగతులు తెలిసినవారుంటే పత్రికకు వ్రాయండి. వ్రాయలేకపోతే చెప్పండి, నేను వ్రాసుకుంటాను. పుస్తకం తీసుకున్నవారు మాత్రం తిరిగి ఇవ్వడం మరువకండి. ఇదివరకు ఇచ్చిన రెండు పుస్తకాలు ఇప్పటికీ ఎక్కడో క్షేమంగా ఉన్నాయని తలుస్తున్నాను.